ఆ జాబితా మనది కాదు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, ఆదివారం పూట నిద్ర మానుకుని వచ్చిన పిల్లలకి, ప్రొజెక్టర్‌తో పొద్దున్నుంచీ కుస్తీ పడుతున్న ఆ తమ్ముడికి కృతజ్ఞతలు. నాకిచ్చిన అంశం "క్లౌడ్ లైబ్రరీలు: మంచి అలవాట్లు". అంటే క్లౌడ్ సర్వర్లతో మాట్లాడ్డానికి మన ప్రోగ్రాముల్లో వాడుకునే రెడీమేడ్ కోడు. మంచి అలవాట్లు మీకు తెలిసినవే, మళ్లీ చదివి వినిపించడం దండగ. నేను ఎనమ్ గురించి, అంటే ఒక విలువ ఏమేం కావచ్చో ముందే రాసి బిగించిన జాబితా గురించి మాత్రమే మాట్లాడతాను. నవ్వకండి. ఫస్టియర్‌లో అరగంటలో అయిపోయే పాఠమే, కానీ తర్వాత ఉద్యోగంలో రాత్రుళ్లు మేలుకునేలా చేసేది ఇదే.

సర్వర్ ఒక మెషీన్ గురించి జవాబు పంపుతుంది. అందులో స్థితి: రన్నింగ్, స్టాప్డ్, డిలీటింగ్. మూడే కదా అని జావాలో ఎనమ్ రాసేస్తాం. స్పెల్లింగ్ తప్పైతే కంపైలర్ పట్టుకుంటుంది, ఎడిటర్‌లో చుక్క పెట్టగానే విలువల జాబితా కిందికి దిగుతుంది. హాయిగా ఉంటుంది. చిక్కల్లా, జాబితా రాసుకున్నది మనమే గానీ జాబితా మనది కాదు. సర్వర్ వాళ్లది. నాలుగోది ఎప్పుడు చేర్చాలో వాళ్లిష్టం.

తెలుగువాళ్లకి ఇది విడమరిచి చెప్పాలా? 2016 దసరాకి తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 కాస్తా 26. 2024లో కొత్త బండ్ల నంబర్లకి టీఎస్ పోయి టీజీ వచ్చింది. పాత బండ్లు టీఎస్‌తోనే తిరుగుతున్నాయి, అంటే కొత్త విలువ వచ్చినా పాతది పోదు. ఇవన్నీ ఎనమ్‌లో బిగించి పెట్టుకున్న ప్రోగ్రాములు ఎన్ని ఉండి ఉంటాయో మీరే ఊహించుకోండి.

మన ఊరి ఉదాహరణ ఇంకొకటి. అమెజాన్ వాళ్లు 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్, అంటే డేటా సెంటర్ల గుంపు, తెరిచారు. దాని కోడు ఏపీ-సౌత్-2, అక్కడ ఏపీ అంటే ఆసియా పసిఫిక్ లెండి. వాళ్ల జావా లైబ్రరీ వెర్షన్ 1లో రీజియన్లు ఎనమ్. అంతకుముందటి జార్ (లైబ్రరీ ఫైలు) పెట్టుకుని, పేరుని రీజియన్‌గా మార్చే ఫ్రమ్‌నేమ్‌కి ఆ కోడు ఇస్తే ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్, అంటే ఒక ఎర్రర్, విసురుతుంది. రీజియన్ ఉంది, సర్వర్లు నడుస్తున్నాయి, లైబ్రరీ మాత్రం అలాంటి ఊరే లేదంటుంది. వెర్షన్ 2లో అది మామూలు క్లాసు. రీజియన్ డాట్ ఆఫ్ అని తెలియని పేరిచ్చినా తీసుకుంటుంది.

ఇప్పుడు నా గోడు వినండి. ఒక కంపెనీ, పేరొద్దు. వాళ్ల క్లౌడ్ మెషీన్ల జాబితాని రోజూ రాత్రి తనంతట తాను నడిచే ఒక ప్రోగ్రాము, జాబ్ అంటాం, తెచ్చుకుంటుంది. జాబితాలో లేని మెషీన్ల డీఎన్‌ఎస్ ఎంట్రీలు (పేరుని బట్టి మెషీన్ అడ్రసు చెప్పేవి) తీసేస్తుంది. ఒక రాత్రి ఏదో ఒక్క మెషీన్ కొత్త స్థితిలోకి వెళ్లింది. ఒక్కటే! మిగతావన్నీ రన్నింగే. కానీ సర్వర్ జవాబుని (జేసన్ అనే రూపంలో వస్తుంది) చదివే కోడు ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. అది ఆగితే ఆ ఒక్క మెషీన్ పోవడం కాదు, మొత్తం జవాబే చదవడం కుదరదు. దాని పైన ఇంకో మహానుభావుడి ట్రై క్యాచ్, అంటే ఎర్రర్‌ని పట్టుకునే కోడు: ఎక్సెప్షన్ వస్తే ఖాళీ లిస్ట్ ఇచ్చెయ్. జాబ్‌కి అర్థమైందేమిటి? మెషీన్లేవీ లేవు. సరే అని ఎంట్రీలన్నీ ఊడ్చేసింది.

తెల్లారేసరికి ఫోన్లు. మమ్మల్ని పిలిచారు. నెట్‌వర్క్ వాళ్లు మాది కాదంటారు, డేటాబేస్ వాళ్లు మాది కాదంటారు. మధ్యాహ్నానికి ఆ లైన్ దొరికింది. లైబ్రరీ రాసినవాళ్లకి రాస్తే వచ్చిన జవాబు: "కొత్త వెర్షన్‌కి మారండి." అయ్యా, కొత్త వెర్షన్‌లో ఉన్నదేమిటి? అదే ఎనమ్, ఇంకో విలువ ఎక్కువ. రేపు ఐదోది వస్తే మళ్లీ మారాలి. దీన్ని పరిష్కారం అంటారా? మీరు చెప్పండి! నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎక్కడున్నాం? ఆఁ, లైబ్రరీలు. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్ వాళ్లు దీన్ని బాగానే ఆలోచించారు. డాట్‌నెట్‌లో వాళ్ల తెరిచిన ఎనమ్, అంటే కొత్త విలువలకీ చోటున్నది, నిజానికి ఎనమే కాదు, లోపల స్ట్రింగ్ (మామూలు అక్షరాల మాట) ఉన్న, ఒకసారి పెట్టాక మారని ఒక రీడ్‌ఓన్లీ స్ట్రక్ట్. తెలిసిన విలువలు స్టాటిక్ ప్రాపర్టీలుగా ఉంటాయి, తెలియనిది వస్తే అలాగే దాచుకుంటుంది. జావాలో దాని పేరు ఎక్స్‌పాండబుల్ స్ట్రింగ్ ఎనమ్. అమెజాన్ జావా వెర్షన్ 2 దారి వేరు: తెలియనిదానికి అన్‌నోన్ టు ఎస్‌డీకే వెర్షన్ (ఈ లైబ్రరీ వెర్షన్‌కి తెలియనిది) అంటుంది, అసలు మాట కావాలంటే యాజ్‌స్ట్రింగ్ అని పక్కనే ఇంకో మెథడ్. నాకు మొదటిదే ఇష్టం. మెషీన్ వివరాలు తెచ్చుకుని, ఒక ట్యాగ్ మార్చి, తిరిగి పంపిస్తాం కదా. మధ్యలో తెలియని విలువ నల్ (ఖాళీ) అయిపోతే మనం ముట్టుకోని సెట్టింగ్ మన చేతిమీదుగా పోతుంది. మాటని మాటగా దాచుకుంటే ఆ గొడవ లేదు.

వెనక నుంచి ఎవరో స్విచ్ అంటున్నారు, అదే, విలువని బట్టి దారి ఎంచే కోడు. నిజమే, ఆ స్ట్రక్ట్ ప్రాపర్టీలు కాన్‌స్టంట్లు కావు, స్విచ్‌లో కేస్‌గా పెట్టలేం. ఇఫ్‌లు రాసుకోవాలి. చిరాకే, ఒప్పుకుంటా. కానీ ముందు మామూలు ఎనమ్‌గా విడుదల చేసి తర్వాత తెరుద్దామనుకుంటే వాడేవాళ్ల స్విచ్‌లన్నీ కంపైల్ అవ్వడం మానేస్తాయి. అందుకని తెరిచి ఉంచాలా వద్దా అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. వారంలో రోజులు ఏడే, వాటికి మామూలు ఎనమ్ చాలు. సర్వర్ పంపే స్థితి, సైజు, రీజియన్, డిస్క్ రకం, వీటికి చాలదు.

ఇక తెలిసిన విలువలేవీ కాకపోతే నడిచే ఆ చివరి ఎల్స్‌లో ఏం రాస్తారన్నది. ఎక్సెప్షన్ విసరకండి. అలాగని "బహుశా రన్నింగే అయ్యుంటుంది" అని నడిపించనూ వద్దు, ఇది ఇంకా ప్రమాదం. తెలియని స్థితిలో ఉన్నదాన్ని తుడవొద్దు, దాని మీద బిల్లు వెయ్యొద్దు, వచ్చిన మాటని ఉన్నదున్నట్టు లాగ్‌లో రాసి పక్కన పెట్టండి.

టైమైపోయిందని చీటీ వచ్చింది, ఒక్క నిమిషం. రేపు ఆఫీసుకెళ్లాక ఒక టెస్ట్ రాయండి. సర్వర్ జవాబుని నకలు తీసి, ఐదు మెషీన్లలో ఒకదాని స్థితి దగ్గర ప్రపంచంలో ఎక్కడా లేని మాటేదో పెట్టండి. మిగతా నాలుగూ చేతికొస్తున్నాయా, ఐదోదాని మాట చెక్కుచెదరకుండా ఉందా చూడండి. రాకపోతే ఆ ట్రై క్యాచ్ ఎవరు రాశారో గిట్ బ్లేమ్‌లో చూసి, వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని సరిచెయ్యండి.