నీళ్లు తీస్తేనే కదిలే ఉత్తరం

శ్రోతలకు నమస్కారం. తపాలా బిళ్ల అంటే ప్రభుత్వం వేసేదే అనుకుంటాం. కానీ ఒక దీవిని కౌలుకు తీసుకున్న పెద్దమనిషి సొంతంగా బిళ్లలు అచ్చు వేయించాడు. ఈ పూట ఆ ముచ్చటే చెప్పుకుందాం.

ఫ్రాన్స్ తీరానికి దగ్గర్లో, ఇంగ్లిష్ చానల్‌లో గర్న్‌సీ అనే ద్వీపం ఉంది. దాని పడమటి ఒడ్డున లీహూ. మొత్తం 40 ఎకరాలు కూడా ఉండదు. శిథిలమైన ఒక మఠం, ఒక ఇల్లు, మిగిలిందంతా గడ్డీ గాలీ. ఒడ్డు నుంచి దీవికి రాళ్లు పరిచిన బాట ఉంది. పోటు వస్తే మునుగుతుంది, నీళ్లు తీస్తే తేలుతుంది. అక్కడ పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం దాదాపు 10 మీటర్లు ఎక్కి దిగుతుంది. మూడంతస్తుల మేడంత! అమావాస్య, పున్నమి దగ్గరపడితే నీళ్లు బాగా తీస్తాయి, నడిచి వెళ్లొచ్చు. అష్టమి అటూ ఇటూ అయితే కొన్ని రోజులు బాట పైకి రానే రాదు. పోస్టు ఎప్పుడు కదులుతుందో పంచాంగం చూసి చెప్పొచ్చన్నమాట!

1961లో ఈ దీవిని లెఫ్టినెంట్ కల్నల్ ప్యాట్రిక్ వూటన్ కౌలుకు తీసుకున్నాడు. సముద్రపు నాచు మేసే గొర్రెలను స్కాట్లాండ్ ఉత్తర దీవుల జాతి నుంచి తెచ్చి పెంచిన మనిషి. 1966లో లీహూ పేరుతో బిళ్లలు వేయించాడు.

అవి దొంగ బిళ్లలా? కావు. లీహూలో రాసిన ఉత్తరాన్ని ఎవరో ఒకరు బాట దాటించి, గర్న్‌సీలో పోస్టు డబ్బాలో వేయాలి కదా. ఆ కాస్త మోతకూలీకే లీహూ బిళ్ల. అక్కణ్నుంచి లండన్‌కో, మన గుంటూరుకో పోవాలంటే రాణి బొమ్మ ఉన్న బ్రిటిష్ బిళ్ల అంటించాల్సిందే. బాట దాటడానికి లీహూ బిళ్ల, ప్రపంచం దాటడానికి రాణి బిళ్ల. మళ్లీ చెబుతున్నాను, రెండూ ఉండాలి.

నన్నడిగితే, ఆ బిళ్లల్లో ఎక్కువ భాగం బాట దాటింది ఉత్తరాల మీద కాదు, సేకరించేవాళ్ల ఆల్బమ్‌ల కోసమే. ఓ చిన్న దీవి నిర్వహణకు అది రాబడి. అందులో నాకు తప్పేమీ కనబడదు. కొన్నవాళ్లూ సంతోషంగానే కొన్నారు!

1969 అక్టోబరు 1న గర్న్‌సీ సొంత తపాలా శాఖ పెట్టుకుంది. దాంతో చుట్టుపక్కల చిన్న దీవుల సొంత బిళ్లలు ఆగిపోయాయి. లీహూవీ అంతే. మూడేళ్ల ముచ్చట.

ఇక బిళ్లలు పోగుచేసే శ్రోతలకు ఒక్క మాట. ఇలాంటి దీవుల బిళ్లలు విడిగా చౌకగానే దొరుకుతాయి. డబ్బు పెట్టాలనుకుంటే కవరుతో సహా కొనండి. కవరును తిరగేసి కూడా చూడండి, ఎందుకంటే దీవి బిళ్లను రాణి బిళ్ల పక్కన కాకుండా చాలాసార్లు వెనకవైపు అంటించేవారు. రెండు బిళ్లలూ ఉన్నాయా? తపాలా ముద్ర తేదీ 1966కీ 1969కీ మధ్య పడుతోందా? పడితే బేరం మొదలుపెట్టండి. కవరు మీది బిళ్లను మాత్రం నీళ్లలో నానబెట్టి ఊడదీయకండి.