పగటిపూట వీధి దీపాల లెక్క

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయం అందులోనే అయిపోతుంది, మన్నించాలి. విశ్వవిద్యాలయాలు, బస్తీలు కలిసి పనిచేయడం గురించి మాట్లాడమన్నారు. వీధి దీపాలతో మొదలుపెడతాను.

దీపాల సర్వేకు విద్యార్థులు ఎప్పుడు వెళ్తారు? క్లాసు ఖాళీ ఉన్నప్పుడు, ఉదయం పదకొండుకు. ఎండలో స్తంభం కనిపిస్తుంది, బల్బూ కనిపిస్తుంది, ‘ఉంది’ అని టిక్కు పెడతారు. అది వెలుగుతుందా? ఫారంలో ఆ గడే ఉండదు! చీకటి పడ్డాక, ఆ వీధి మనిషిని వెంటబెట్టుకుని తిరగాలి. జీపీఎస్ ఒక్కదాన్నీ నమ్ముకోవద్దు. ఇరుకు సందుల్లో అది కొన్ని మీటర్లు పక్కకు జరుగుతుంది, సందు వెడల్పే అంత. మరమ్మతుకొచ్చినవాళ్లు పక్క సందులో వెలుగుతున్న దీపాన్ని చూసి ఫిర్యాదు మూసేసి పోతారు. స్తంభం నంబరు, దగ్గరి ఇంటి నంబరు, ఒక ఫొటో, మూడూ ఉండాలి.

వాన నీళ్ల సంగతీ అంతే. ‘నీళ్లు నిలుస్తాయా?’ అంటే అందరూ అవుననే అంటారు. ఆ జవాబుతో ఏ ఇంజనీరూ ఏమీ చేయలేడు. గోడ మీద సుద్దతో గీత గీసి, వాన ఆగిన అరగంటకు, గంటకు, రెండు గంటలకు మట్టం ఎంత దిగిందో రాయాలి. త్వరగా దిగితే, వాన జోరు మీదున్నప్పుడు కాలువ చాలడం లేదేమో చూడాలి. గంటలైనా కదలకపోతే పూడికో, వాలు తప్పడమో. వాన పడే వేళకు విద్యార్థి హాస్టల్లో ఉంటాడు, గీత గీయాల్సింది ఎదురింటావిడే. కాబట్టి ఆమె సమయానికి డబ్బివ్వండి. ఒప్పుకుంటే నివేదికలో పేరూ వేయండి.

1969లోనే అమెరికా ప్రజా విధాన నిపుణురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ పౌర భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా గీసి చూపింది. అభిప్రాయం అడగడం 4వ మెట్టు, మొక్కుబడి కిందే లెక్క. ‘భాగస్వామ్యం’ అన్న మాట 6వ మెట్టుకు గానీ రాదు. మనమేమో నాలుగో మెట్టు మీద ఫొటో దిగి, ఆరో మెట్టు పేరు పెట్టుకుంటున్నాం. 1970ల్లో నెదర్లాండ్స్ విశ్వవిద్యాలయాల్లో ‘సైన్స్ షాపులు’ పెట్టారు. ప్రశ్న ప్రజా సంఘాలది, పరిశోధన విద్యార్థులది. ఆ వరుస మనం తిరగేశాం.

ఇక్కడున్న ఆచార్యులు ఒక్కసారి చేతులెత్తండి: మీ చివరి నివేదిక ఆ వీధికి తిరిగి వెళ్లిందా? ...సరే, దించేయండి.

సెమిస్టరు పదిహేను, పదహారు వారాలు. అనుమతులకు, ఫారం సరిచూసుకోడానికి నాలుగైదు పోతాయి. తేలిన లెక్క చేతికొచ్చేసరికి నగరపాలక బడ్జెట్ ఆమోదమైపోయి ఉంటుంది. బడ్జెట్ తేదీ ముందు పెట్టుకుని వెనక్కి లెక్కేసుకోండి. పాత బ్యాచి, కొత్త బ్యాచి కనీసం రెండు వారాలు కలిసి తిరగాలి, లేకపోతే అదే ఇంటికెళ్లి అవే ప్రశ్నలు మళ్లీ అడుగుతారు. తలుపు వేసేస్తారు, వేయాల్సిందే.

మ్యాపు గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఏ ఇంటికి అనుమతి లేదో దానిలో గుర్తు పెట్టారా, కూల్చేవాళ్లకు జాబితా మీరే అందించినట్టు. అందుకే మొదటి ఫారం నింపకముందే ఒక్క పేజీ ఒప్పందం రాసుకోవాలి: సమాచారం ఎవరిది, ఏది బయటికి పోకూడదు, అచ్చుకు ముందు చదవడానికి బస్తీకి ఎన్నాళ్లు గడువు. ఒక ప్రతి బస్తీలోనే ఉండాలి. చదివి వినిపించే సభ ఎప్పుడో వాళ్లే చెప్తారు. అది మన పరీక్షల వారంలో పడితే, పరీక్ష తేదీ మార్చుకోవాల్సింది మనమే.