టోనీ మోరిసన్ డాక్యుమెంటరీ: ఆవిడ మన కళ్ళలోకే చూస్తూ మాట్లాడతారు

నమస్తే అండీ, బాగున్నారా? ఈ వారం కొత్త సినిమా జోలికి వెళ్ళడం లేదు. ఒక డాక్యుమెంటరీ గురించి మాట్లాడుకుందాం. పేరు 'టోనీ మోరిసన్: ద పీసెస్ ఐ యామ్'. 2019లో వచ్చింది. నిడివి రెండు గంటలు. తీసింది టిమోతీ గ్రీన్‌ఫీల్డ్ శాండర్స్. ఆయన ముందు నుంచీ ఫొటోగ్రాఫర్. 1981లో మోరిసన్ ఫొటో మొదటిసారి తీశారట, అప్పటి నుంచి స్నేహం. ఆ చనువు తెర మీద బాగా తెలుస్తుంది.

మోరిసన్ పేరు ఇప్పుడే వింటున్నవాళ్ళ కోసం రెండు మాటలు. 1931లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, లొరెయిన్ అనే ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్ళో పుట్టిన నల్లజాతి రచయిత్రి. 'బిలవెడ్' నవలకి 1988లో పులిట్జర్ వచ్చింది, అది అమెరికాలో పెద్ద సాహిత్య బహుమతి. 1993లో నోబెల్ వచ్చింది. సాహిత్యంలో నోబెల్ అందుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆవిడే. ఈ డాక్యుమెంటరీ 2019 జూన్‌లో అమెరికా థియేటర్లలోకి వచ్చింది. ఆగస్టు 5న ఆవిడ చనిపోయారు, 88 ఏళ్ళకి. ఈ సంగతి తెలిసి చూస్తే కొన్ని నవ్వుల దగ్గర గొంతు పట్టేస్తుంది.

దీన్ని నేను ఒక్కదాన్నే చూడలేదు. మా ఇంట్లో నలుగురం కూర్చుని చూశాం. నేను, మా తమ్ముడు, ఎం.ఏ. ఇంగ్లిష్ చదివిన నా ఫ్రెండ్, ఇంకా మా పిన్ని. పిన్ని ముప్పై ఏళ్ళు ప్రైమరీ స్కూల్లో టీచర్‌గా చేసి రిటైరయింది. మోరిసన్ రాసింది ఒక్క పేజీ కూడా చదవలేదు. సినిమా అయ్యాక రాత్రి పన్నెండు దాకా వాదించుకున్నాం. ఈ వీడియోలో సగం ఆ వాదనే.

ముందు తమ్ముడి మాట. "అక్కా, అందరూ కుర్చీల్లో కూర్చుని మాట్లాడుతూనే ఉన్నారు, నాకు నిద్రొచ్చేసింది" అన్నాడు. వాడు అన్నదాంట్లో తప్పు లేదు. ఇంటర్వ్యూలు చాలా ఉన్నాయి. టీవీ హోస్ట్ ఓప్రా విన్‌ఫ్రీ, నల్లజాతి హక్కుల ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్, రచయితలు ఫ్రాన్ లెబోవిట్జ్, వాల్టర్ మోస్లీ, మోరిసన్ నవలల ఎడిటర్ రాబర్ట్ గాట్లీబ్, ఇలా వరసగా వస్తూ ఉంటారు. మధ్యమధ్యలో జేకబ్ లారెన్స్, కారా వాకర్ లాంటి నల్లజాతి చిత్రకారుల బొమ్మలు వస్తాయి, వాటి వల్ల కళ్ళకి కాస్త ఊపిరి ఆడుతుంది. అయినా ఇదంతా మాటల మీద నడిచే సినిమా. ఒక సంగతి గమనించారా? మిగతావాళ్ళందరూ కాస్త పక్కకి చూస్తూ మాట్లాడతారు. మోరిసన్ ఒక్కరే సూటిగా కెమెరాలోకి, అంటే మన కళ్ళలోకి, చూస్తారు. నాకు ఇది తెలియడానికి అరగంట పట్టింది. తెలిశాక ఇంక చూపు తిప్పుకోలేకపోయాను. తన జీవితకాలమంతా ఆవిడ చెప్పిన మాట ఆ కూర్చున్న తీరులోనే ఉంది: నేను రాసేటప్పుడు నా భుజం మీదుగా తెల్లవాడు తొంగి చూడడు.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఆవిడ కంటే ముందు రాసిన నల్లజాతి రచయితల్లో చాలామంది, తెల్ల పాఠకుడికి అర్థం కావాలని తమ వాళ్ళ జీవితాన్ని విడమరిచి చెబుతున్నట్టు రాశారని ఆవిడ అభిప్రాయం. మనకి తెలిసిన విషయాన్ని మనం ఎవరికి వివరిస్తున్నట్టు? అదీ ఆవిడ ప్రశ్న. 1973లో 'సూలా' నవల వచ్చినప్పుడు న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన సమీక్షకురాలు, ఇంత ప్రతిభ ఉన్న మనిషి చిన్న ఊళ్ళలో నల్లవాళ్ళ బతుకు దగ్గరే ఆగిపోకూడదు అన్న ధోరణిలో రాసింది. అంటే నల్లవాళ్ళ గురించి రాయడం చిన్న పని, తెల్లవాళ్ళ గురించి రాస్తే పెద్ద రచయిత. టీవీ ఇంటర్వ్యూల్లో కూడా ఇదే ప్రశ్న, 'మీరు తెల్లవాళ్ళ గురించి ఎప్పుడు రాస్తారు?' అని. తెల్ల రచయితని ఎవరూ నల్లవాళ్ళ గురించి ఎప్పుడు రాస్తావని అడగరు కదా.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను రోజంతా వేరేవాళ్ళ రాతలు దిద్దే పని చేస్తాను. కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన చోటికి నల్గొండ వైపు నుంచి ఒక కథ వచ్చింది. అందులో ఒక వాక్యం: 'ఆమె బువ్వ తినకుంటనే పండుకున్నది.' సంభాషణలో యాస ఉంటే ఉండనీ, కథనంలో మాత్రం ఉండకూడదు, దిద్దు అన్నారు. నేను దిద్దాను. 'ఆమె భోజనం చేయకుండానే పడుకుంది' అని రాశాను. తప్పేమీ లేని వాక్యం. కానీ ఆ కథలో పస్తు పడుకున్న ఆ అమ్మ అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయింది. మోరిసన్ కెమెరాలోకి చూస్తూ మాట్లాడుతుంటే నాకు ఆ వాక్యమే గుర్తొచ్చింది. నేను ఎవరి కళ్ళకి నచ్చాలని దాన్ని మార్చాను? ఆ రాత్రి మావాళ్ళ ముందు ఈ మాట చెప్పలేకపోయాను. మీకే మొదటిసారి చెబుతున్నాను.

అందుకేనేమో ఈ డాక్యుమెంటరీలో నోబెల్ కంటే నన్ను ఎక్కువ కదిలించింది ఆవిడ ఎడిటర్ ఉద్యోగం. మోరిసన్ రాండమ్ హౌస్ అనే పెద్ద ప్రచురణ సంస్థలో 1983 దాకా ఎడిటర్‌గా పనిచేశారని చాలామందికి తెలియదు. ఏంజెలా డేవిస్ ఆత్మకథ, మహమ్మద్ అలీ ఆత్మకథ ఆవిడ చేతి మీదుగానే వచ్చాయి. గేల్ జోన్స్ లాంటి కొత్త రచయిత్రులని ఆవిడే బయటికి తెచ్చారు. భర్త నుంచి విడిపోయి, ఇద్దరు మగపిల్లలని పెంచుకుంటూ, తెల్లారకముందే లేచి తన నవల రాసుకుని, ఆఫీసుకెళ్ళి ఇతరుల పుస్తకాలు దిద్దేవారు. ట్రాఫిక్‌లో కారు ఆగితే చాలు, కాగితం తీసి ఏదో ఒకటి రాసుకునేదని ఏంజెలా డేవిస్ చెబుతారు. తనతో సమానంగా పనిచేసే మగవాళ్ళకి జీతం ఎక్కువని తెలిసినప్పుడు, పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి 'మీలాగే నేనూ ఇంటికి పెద్దనే' అన్నారట. నిద్రొస్తోందన్న మా తమ్ముడు అక్కడ లేచి కూర్చున్నాడు.

ఆ ఆఫీసు బల్ల మీదే 'బిలవెడ్' పుట్టింది. 1974లో ఆవిడ 'ద బ్లాక్ బుక్' అనే సంకలనం తెచ్చారు. నల్లజాతి వాళ్ళ చరిత్రకి సంబంధించిన పాత ఫొటోలు, పత్రికల ముక్కలు, పేటెంట్ కాగితాలు, పాటలు, అన్నీ కలిపి ఇంటింటా దాచుకున్న పెట్టెలాంటి పుస్తకం. దాని కోసం వెతుకుతుంటే 1856 నాటి ఒక వార్త దొరికింది. మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ, చలికాలంలో గడ్డకట్టిన ఒహాయో నది దాటి, కెంటకీ నుంచి సిన్సినాటికి పిల్లలతో పారిపోయి వచ్చింది. వెంటాడి వచ్చినవాళ్ళు ఇంటిని చుట్టుముట్టారు. పిల్లలు మళ్ళీ బానిసలు కాకూడదని, తన రెండేళ్ళ కూతుర్ని తనే చంపేసింది. ఆ వార్తముక్క ఆవిడలో పదేళ్ళకి పైగా నాని నాని 1987లో నవలగా వచ్చింది. డాక్యుమెంటరీ పేరు కూడా ఆ నవలలోదే. చెల్లాచెదురైన నా ముక్కలని ఏరి, సరైన వరసలో నా చేతికి తిరిగి ఇస్తుంది అని ఒక మగవాడు తను ప్రేమించిన మనిషి గురించి చెప్పే మాట అది. సినిమా మొదట్లో రెండు చేతులు మోరిసన్ ఫొటోల ముక్కలని ఒకదాని పక్కన ఒకటి పేర్చుతూ ఉంటాయి. చిత్రకారిణి మికలీన్ థామస్ చేశారు దాన్ని. దయచేసి ఆ టైటిల్స్ స్కిప్ చేయకండి.

ఇక నా ఫ్రెండ్ అభ్యంతరం. "అందరూ పొగిడేవాళ్ళే. ఒక్కళ్ళయినా ఫలానా నవల నాకు ఎక్కలేదు అనరేంటే?" అంది. ఈ మాటతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. మాట్లాడినవాళ్ళంతా స్నేహితులు, అభిమానులు. 'బిలవెడ్' తర్వాతి నవలల దగ్గర సినిమా అంతగా నిలబడదు. పెళ్ళి గురించి దాదాపు ఏమీ చెప్పరు. ఆవిడ వాక్యం ఎలా కడతారో, ఎందుకు కొన్ని పేజీలు రెండుసార్లు చదివితే గానీ లొంగవో, ఆ చర్చ ఉండాల్సింది. ఇంత పెద్ద రచయిత్రికి ఆ మాత్రం విమర్శ తట్టుకునే బలం లేదా? ఉంది. అది లేకపోవడం ఈ సినిమాకి నిజంగా లోటే.

కానీ వ్యతిరేక స్వరం అసలు లేదంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆ స్వరం పాత సమీక్షల్లో ఉంది, టీవీ యాంకర్ల ప్రశ్నల్లో ఉంది. 'బిలవెడ్'కి నేషనల్ బుక్ అవార్డు రాకపోతే, 1988 జనవరిలో 48 మంది నల్లజాతి రచయితలు, మేధావులు సంతకాలు పెట్టి, ఆవిడకి దక్కాల్సిన గౌరవం దక్కలేదని న్యూయార్క్ టైమ్స్ బుక్ రివ్యూలో ప్రకటన ఇచ్చారు. దాని మీదా గొడవ జరిగింది. ఇన్ని దశాబ్దాలు అనుమానంగా చూసిన లోకం ముందు, స్నేహితులు రెండు గంటలు ప్రేమగా మాట్లాడితే నాకు ఎక్కువ అనిపించలేదు. మా ఫ్రెండ్ మాత్రం ఒప్పుకోలేదు. "ప్రేమ వేరు, రివ్యూ వేరు" అంది. ఆ వాదన తేలలేదు.

మా పిన్నికి ఇవేవీ పట్టలేదు. ఆవిడకి రెండు కథలు పట్టాయి. ఒకటి, మోరిసన్ తాతయ్య గురించి. నల్లవాళ్ళకి చదువు చెప్పడం నేరమైన కాలానికి దగ్గరగా పుట్టిన మనిషి. బైబిల్ మొదటి నుంచి చివరి దాకా అయిదుసార్లు చదివానని అందరికీ గర్వంగా చెప్పుకునేవాడట. రెండోది, చిన్నారి మోరిసన్, అక్క కలిసి ఇంటి ముందు దారి మీద అక్షరాలు రాస్తూ ఆడుకోవడం. ఎక్కడో చూసిన మాటని, అది బూతు అని తెలియక, అక్షరం అక్షరం దిద్దుతుంటే అమ్మ చూసి కేకలేసింది, బకెట్ నీళ్ళు తెచ్చి కడిగించింది. ఒక్క మాటకి ఇంత శక్తి ఉందా అని ఆ పిల్లకి అప్పుడే తెలిసిందట. పెద్దయ్యాక టెక్సస్ జైళ్ళలో ఆవిడ 'పారడైజ్' నవలని నిషేధించారు, ఖైదీలు తిరగబడతారేమోనని. ఆ నిషేధం గురించి వచ్చిన ఉత్తరాన్ని ఆవిడ ఫ్రేమ్ కట్టించి బాత్రూమ్‌లో పెట్టుకున్నారు. అది చెబుతూ ఎంత హాయిగా నవ్వుతారో చూడండి. పిన్ని కూడా పకపకా నవ్వింది.

తర్వాత మోరిసన్ మొదటి నవల 'ద బ్లూయెస్ట్ ఐ' సంగతి వచ్చింది, 1970 నాటిది. చిన్నప్పుడు ఒక స్నేహితురాలు, నీలి కళ్ళు ఇమ్మని దేవుణ్ణి రెండేళ్ళు ప్రార్థించానని చెప్పిందట. ఆ మాటలోంచి పుట్టిన నవల అది. అక్కడ పిన్ని నవ్వు ఆగిపోయింది. చాలాసేపటికి, "మా బళ్ళో రెండో క్లాసు పిల్ల ఒకతి ఉండేదమ్మా. రోజూ చాక్‌పీస్ పొడి మొహానికి రాసుకునేది. నేను తిట్టి మొహం కడిగించేదాన్ని, ఎందుకు రాసుకుంటున్నావే అని మాత్రం ఒక్కసారీ అడగలేదు" అంది.

ఈ డాక్యుమెంటరీ చూడాలా అంటే, చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టుకుని చూడండి. ఇంగ్లిష్ కష్టమనిపిస్తే సబ్‌టైటిల్స్ పెట్టుకుని, కాస్త ఆపి ఆపి చూడండి, తొందరేం లేదు. నవలలు ఏవీ చదవకపోయినా ఇబ్బంది లేదు, మా పిన్నే సాక్ష్యం.

ఇప్పుడు రోజూ సాయంత్రం 'ద బ్లూయెస్ట్ ఐ' నుంచి రెండు మూడు పేజీలు పిన్నికి తెలుగులో చెబుతున్నాను. మొన్న ఒకచోట నేను మరీ పుస్తకం భాషలో చెబుతుంటే ఆపి, "మామూలుగా చెప్పవే, ఆ పిల్ల అట్లా మాట్లాడుతుందా?" అంది. ఆ పేజీ మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.