సీజర్ మాట విన్నాం, ఎద్దు మాట ఎప్పుడు వింటాం?

(కర్నూలులో ఒక సినిమా ప్రదర్శన తర్వాత చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ ఇంతకుముందే చదివారు కాబట్టి నేను మళ్ళీ చదవను. శాలువా చివర్లో కప్పండి సార్, ఈ ఉక్కలో ఇప్పుడు వద్దు. పశువుల డాక్టరుగా పనిచేశారు కదా, జంతువుల తెలివి మీద నాలుగు మాటలు చెప్పండని నన్ను పిలిచారు. చెబుతాను. దాంతోపాటు చాలా ఏళ్ళుగా మనసులో పెట్టుకున్న మాట ఒకటుంది, అది కూడా ఈరోజు చెప్పే పోతాను.

మీరిప్పుడు చూసిన 'రైజ్ ఆఫ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' 2011లో వచ్చింది. ఫ్రెంచ్ రచయిత పియర్ బూల్ 1963లో రాసిన నవలతో మొదలైన వరస ఇది. 1968లో తొలి సినిమా తీసినప్పుడు నటుల ముఖాలకే కోతి ముఖాలు అతికించారు. ఆ మేకప్ చేసిన జాన్ ఛాంబర్స్‌కు ప్రత్యేకంగా ఆస్కార్ ఇచ్చారు. 2011 నాటికి ఆండీ సెర్కిస్ అనే నటుడు ఒంటికి గుర్తులు పెట్టుకుని నటిస్తే, అతని కదలికలన్నిటినీ న్యూజిలాండ్‌లోని వెటా అనే సంస్థ వాళ్ళు కంప్యూటర్లో చింపాంజీ కదలికలుగా మార్చారు. సినిమా మొత్తంలో ఒక్క నిజమైన చింపాంజీని కూడా వాడలేదు. జంతువుల బాధ చూపించడానికి జంతువును బాధపెట్టలేదు. నాకు కథకన్నా ఈ సంగతే ఎక్కువ నచ్చింది.

కథ మీరు చూశారు. అల్జీమర్స్ జబ్బుకు మందు కోసం చింపాంజీల మీద ప్రయోగాలు చేస్తుంటారు. మందు ఎక్కించిన ఆడ చింపాంజీ ఒకరోజు తిరగబడుతుంది, కాల్చి చంపేస్తారు. మందు వికటించిందని అనుకుంటారు. తీరా బోనులో చూస్తే పసికూన ఉంటుంది! ఆ పసికూనే సీజర్. ఈ హాల్లో పల్లెల నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈనిన ఎనుము దగ్గరికి కొత్త మనిషి పోతే ఏమవుతుందో మీకు ఒకరు చెప్పాలా? అంత పెద్ద ల్యాబులో, అన్ని మిషన్ల మధ్య, అంతమంది చదువుకున్నవాళ్ళకు ఆ ఒక్క సంగతి తట్టలేదు. ఆ తల్లి కోపం మందుతో వచ్చింది కాదు. ఏ తల్లికైనా ఉండేదే.

ఇదంతా కల్పన కదా అనకండి. 1973లో అమెరికాలో నిమ్ అనే చింపాంజీ పిల్లను మనుషుల ఇంట్లో పెట్టి చేతి సైగల భాష నేర్పారు. అది నిజంగా భాషేనా కాదా అని పండితులు వాదించుకున్నారు. ప్రాజెక్టు అయిపోయింది. కొన్నేళ్ళకు ఆ నిమ్‌ను మందుల ప్రయోగాలు చేసే ల్యాబుకు పంపేశారు. మనిషి పిల్లాడిలా అన్నం పెట్టి, బట్టలు తొడిగి, చివరికి బోనులో వేశారు. సినిమాలో సీజర్‌కు జరిగింది కూడా అదే.

ఇక సీజర్ మొదటిసారి నోరు తెరిచే సీను. మీరంతా ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. వద్దు అని అరిచాడు సీజర్. అయితే ఎదురుగా ఉన్న కాపలావాడి చేతిలో ఏముందో చూశారా? కరెంటు షాకిచ్చే కర్ర. పశువులను తోలడానికి చేసిన వస్తువు అది. చింపాంజీ కోసం చేసింది కాదు, ఎద్దు కోసం చేసింది. ఆ కర్ర చూసిన దగ్గర్నుంచి నా మనసు సినిమా మీద లేదు. ఎద్దుల చేత బండరాళ్ళు లాగించే బండలాగుడు పోటీల మైదానంలోకి పోయింది.

ఊరి పేరు చెప్పను, కమిటీ పేరు కూడా చెప్పను. ఉగాది పోటీలు. ఎద్దు వయసును పళ్ళతో లెక్కగడతారు కదా, అందులో నాలుగు పళ్ళ విభాగం. ఒక జతలో దాపటెద్దు, అంటే ఎడమవైపు ఎద్దు, సగం దూరం లాగి ముందుకాళ్ళ మీద కూలబడింది. వెనక నుంచి ముల్లుకర్ర. ఒకడు తోక మెలిపెడుతున్నాడు. మైకులో 'మొండికేసింది, మొండికేసింది' అని కేకలు. నేను తాడు దాటి లోపలికి పోయి చూశాను. గిట్ట పైన వాచి ఉంది, చెయ్యి పెడితే కాలిపోతోంది. గిట్టల సందులో చీలిక. ఈ ఎద్దును వెంటనే విప్పండి అన్నాను. 'సార్, ఇంకా టైముంది, మీరు పక్కకు రండి. అది నాటకాలాడుతోంది' అన్నారు.

వినండి, ఈ మాట దగ్గర ఆగుతాను. పొద్దున ఇదే మనుషులు నాతో ఏమన్నారు? ఎద్దుకేం తెలుసు సార్, దానికంత తెలివి ఎక్కడిది అన్నారు. మధ్యాహ్నానికి అదే ఎద్దు నాటకమాడుతోందట! తెలివి లేనిది నాటకమెలా ఆడుతుంది? కొట్టడానికి తెలివి లేదంటాం, జాలి పడకుండా ఉండటానికి తెలివి మీరిందంటాం. రెండు లెక్కల్లోనూ దెబ్బ ఎద్దుకే.

చివరికి కాడి విప్పింది ఆ రైతే. 'పొద్దున్నుంచి మేత ముట్టలేదు సార్, నాకు తెలుసు. ఫీజు కట్టేశాను, పేరు తీసేయమంటే నలుగురూ నవ్వుతారని ఊరుకున్నాను' అన్నాడు. మేత ముట్టకుండా అది చెప్పాల్సింది చెప్పేసింది. అతనికి అర్థమైంది కూడా. మనిషి మాటకు భయపడి ఎద్దు మాట పక్కన పెట్టాడు. అతని మీద నాకు కోపం లేదు. తనకు ఉన్నా లేకున్నా ఉలవలు ఉడకబెట్టి ఎద్దుకు పెట్టే మనిషి. నా కోపమంతా మైకు పట్టుకున్నవాళ్ళ మీద.

ఈ పోటీల వల్లే ఒంగోలు జాతి నిలబడిందని అంటారు. అందులో నిజముంది. ట్రాక్టర్లు వచ్చాక ఇంత ఖర్చుపెట్టి కోడెలను ఎవరు మేపుతారు? పోటీలు మానేయమని నేను అడగడం లేదు. 1965లోనే కేంద్ర ప్రభుత్వం బరువులు లాగే పశువుల కోసం నిబంధనలు చేసింది. ముల్లుకర్ర వాడకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండికి కట్టకూడదు. వరసగా 5 గంటలకు మించి పని చేయించకూడదు, రోజు మొత్తం మీద 9 గంటలకు మించకూడదు. ఏప్రిల్‌లో కర్నూలు ఎండ 37 దగ్గర ఆగుతుందా? మీరే చెప్పండి. బండికే అంత జాగ్రత్త చెప్పినప్పుడు బండరాయికి ఎంత చెప్పాలి?

మన జిల్లాల్లో పుట్టినవాళ్ళకు ఈ సినిమా కథ కొత్త కాదు. కలియుగాంతంలో యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారు చెప్పారని పిల్లప్పటి నుంచి వింటున్నాం. రాతి బసవన్న కోసం భయభక్తులతో ఎదురుచూస్తాం. ఏరువాక పున్నమికి ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, పసుపు కుంకుమ పెట్టి మొక్కుతాం. ప్రాణమున్న బసవన్న మైదానంలో రంకె వేస్తుంటే మైకు సౌండు పెంచుతాం. అన్నలారా, అక్కలారా, మీలో పోటీల కమిటీల్లో ఉన్నవాళ్ళు, ఎద్దుల జతలున్నవాళ్ళు ఉన్నారు. ఒక్కసారి చేతులెత్తండి. దించకండి, మీతోనే నా పని.

నేను అడిగేది మూడే. మైదానంలో థర్మామీటర్ పెట్టి, 37 దాటితే ఆపండి. ముల్లుకర్రను గేటు దగ్గరే తీసుకోండి. పశువైద్యుడు ఈ ఎద్దు లాగదు అంటే అదే ఆఖరి మాట కావాలి, ఆ రైతు కట్టిన ఫీజు తిరిగి ఇచ్చేయాలి. ఫీజు తిరిగొస్తుందంటే మా రైతు పొద్దున్నే పేరు వెనక్కి తీసుకునేవాడు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి తెచ్చాను, తలుపు పక్కన బల్ల మీద ఉంది. చేతులెత్తిన ప్రతి ఒక్కరూ చదివి సంతకం పెట్టి పోండి. చదవలేనివాళ్ళకు నేను చదివి వినిపిస్తాను. ఒప్పుకోని వాళ్ళు ఎందుకు ఒప్పుకోరో నా ముఖం మీదే చెప్పి పోండి, ఎంత ఆలస్యమైనా అక్కడే కూర్చుంటాను.