మూసీకి గోడ తర్వాత కట్టండి, ముందు వరద మ్యూజియం కట్టండి!

నమస్తే అండీ. టైటిల్ చూసే లోపలికి వచ్చారు కాబట్టి సాగదీయను. మూసీ ఒడ్డున గోడలు, రోడ్లు, పార్కులు ఏం కట్టాలనుకుంటున్నారో అన్నీ తర్వాత. ముందు ఒక మ్యూజియం కట్టండి. 1908లో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచిన వరదకు మ్యూజియం. జనం లోపలికి వెళ్లి, ఆ నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో తల పైకెత్తి చూసి, ఒళ్లు జలదరించి బయటికి రావాలి. హైదరాబాద్‌ను వరద నుంచి కాపాడే పనుల్లో ఇంతకన్నా చవకైనది, ఇంతకన్నా గట్టిది ఇంకొకటి లేదు. ఈ మాట మీద ఎవరితోనైనా వాదిస్తాను.

మూసీ ఒడ్డును మారుస్తామన్న సర్కారు ప్రాజెక్టు మీద గొడవ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నదిలోకి వచ్చాయంటూ ఇళ్ల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాయడం, ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ బుల్డోజర్లు, కోర్టు కేసులు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ కట్టడాలకు పగ్గం వేసిన 111 జీవో మీద రచ్చ, అన్నీ చూశారు. ఎవరి పార్టీ వాళ్లకుంది. ఆ పంచాయితీలోకి ఈరోజు వెళ్లను. ఇంత గొడవలో ఒక్కరి నోటి నుంచైనా 1908 సెప్టెంబరు 28 అన్న తేదీ గట్టిగా విన్నారా? నేను వినలేదు.

నాకీ పిచ్చి ఎక్కడ పట్టుకుందంటే, గుజరాత్‌లోని భుజ్‌లో. మా అమ్మను తీసుకుని కచ్ వెళ్లాను. అందరూ తెల్ల ఎడారి చూడ్డానికి వెళ్తారు, మేమూ అందుకే వెళ్లాం. కానీ అక్కడ స్మృతివన్ అని ఒకటుంది. ఊరి పక్కనే ఉన్న భుజియా కొండ మీద, 470 ఎకరాల్లో. 2001 జనవరి 26 భూకంపం కోసం కట్టిన స్మారకం, అందులోనే మ్యూజియం. 2022 ఆగస్టులో తెరిచారు. లోపల ఏడు భాగాలు. భూమి ఎలా పుట్టింది, కచ్ నేల ఎలాంటిది, ఆ రోజు ఏం జరిగింది, తర్వాత ఊరిని ఎలా నిలబెట్టుకున్నారు, అలా నడుచుకుంటూ వెళ్తాం. పునర్నిర్మాణం గురించి చెప్పే భాగంలో ప్రభుత్వం గొప్పలు కాస్త ఎక్కువే వినిపించాయి నాకు. ఆ సంగతి వదిలేయండి. అసలు కథ ఆరో భాగంలో ఉంది.

ఆరో భాగంలో భూకంపం సిమ్యులేటర్. చుట్టూ తెరలు, చీకటి. ముందు మామూలు ఉదయం. తర్వాత కాళ్ల కింద నేల కదులుతుంది. నేనిప్పుడు చెప్తుంటే మీకు థీమ్ పార్కు రైడ్‌లా అనిపిస్తుంది. కాదు. ఎందుకంటే అప్పటికే ఐదు గదులు నడిచి వచ్చాం. ఆ రోజు ఉదయం 8 గంటల 46 నిమిషాలకు ఏమైందో చదివాం. రిపబ్లిక్ డే కదా, అంజార్ ఊళ్లో జెండాలు పట్టుకుని ఇరుకు సందులో ర్యాలీగా నడుస్తున్న బడిపిల్లల మీద రెండు పక్కలా ఇళ్లు కూలాయి. భుజ్‌లో ఏకంగా ఆసుపత్రే కూలిపోయింది, దెబ్బలు తగిలినవాళ్లను తీసుకెళ్లడానికి ఆసుపత్రి లేదు. ఇవన్నీ బుర్రలో ఉండగా నేల కదిలితే అది రైడ్ ఎలా అవుతుంది?

మా అమ్మ నా మోచేయి పట్టుకుంది. గోళ్లు దిగాయి. బయటికి వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకే మాట అంది: "మీ పిన్నికి కూడా ఇలాగే ఉండి ఉంటుంది రా. ఇక్కడ నేల కదిలింది, అక్కడ నీళ్లొచ్చాయి, అంతే."

మా పిన్నిది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1, బుడమేరు వాగు పొంగి ఊళ్లోకి వచ్చింది. గుర్తుంది కదా? పిన్ని, బాబాయి, పక్కింటి వాళ్లు, అందరూ డాబా మీద. కింద ఇంట్లో ఫ్రిజ్ తేలుతోంది. మూడో రోజు పడవలో పాల ప్యాకెట్లు వస్తే తాడు కట్టిన బకెట్‌తో పైకి లాక్కున్నారు. ఆ రోజుల్లో నేను రోజుకు ఇరవై సార్లు ఫోన్ చేశాను, ఇరవై సార్లూ స్విచాఫ్. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. నీళ్లు తీశాక నేను వెళ్లాను. హాల్లో గోడ మీద బురద గీత. స్విచ్ బోర్డుకు పైన, గడియారం మేకుకు కింద. స్కేలు పెట్టి గీసినట్టు ఉంది, నాలుగు గోడల మీదా ఒకే ఎత్తులో. కింద అంతా బూడిదరంగు, పైన మా పిన్ని కూతురి పెళ్లికి వేసిన లేత పసుపు రంగు.

దీపావళికి వెళ్లేసరికి ఆ గీత లేదు. పుట్టీ పెట్టి, మళ్లీ పసుపు రంగు వేయించారు. పిన్నిని తప్పు పట్టను, రోజూ ఆ గీత చూస్తూ ఎవరు అన్నం తినగలరు? కానీ వీధి వీధంతా అలాగే చేసింది. ఊరంతా చేసింది. నేను చెప్పేది అదే. మనం ప్రతి వరద తర్వాత గోడకు సున్నం కొట్టేసుకుంటున్నాం. భుజ్ వాళ్లు ఆ గీతను ఉంచుకున్నారు. అదీ తేడా.

కొండ మీద నీళ్లు ఆపడానికి చిన్న చిన్న సరోవరాలు కట్టారు. వాటి గోడల మీద పలకలు, పలకల మీద పేర్లు. 12,932 మంది. ఒక పెద్దావిడ ఒక పేరు మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం తడుముతూ నిలబడి ఉంది. వాళ్ల మనవడనుకుంటా, పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. కాసేపటికి వాడు ఫోన్ జేబులో పెట్టి, తను కూడా ఆ పేరు మీద వేలు పెట్టాడు. చూడండి, వాడు పుట్టేసరికి భూకంపం అయిపోయి ఎన్నేళ్లయిందో. అయినా వాడి చేతికి ఆ పేరు అందింది.

ఇంకొకటి చెప్పాలి. సాయంత్రం బజార్లో దబేలీ తిన్నాం. తినకపోతే కచ్ వెళ్లి లాభం లేదండీ. బన్ను మధ్యలో ఆలూ మసాలా, వేయించిన వేరుశనగలు, దానిమ్మ గింజలు, తీపి, కారం, పులుపు అన్నీ ఒకేసారి తగులుతాయి. మా అమ్మ మూడు తింది. ఆ బండి ఆయన్ను ఊరికే అడిగాను, భూకంపం అప్పుడు మీరెక్కడ ఉన్నారని. పెనం మీద చెయ్యి ఆపేశాడు. ఏ వీధిలో, ఏ ఇంట్లో, ఒంటి మీద ఏ చొక్కా, అన్నీ చెప్పాడు. ఆటో డ్రైవర్‌ను అడిగినా అంతే, హోటల్ కుర్రాడిని అడిగితే వాళ్ల నాన్న ఎక్కడ ఉన్నాడో చెప్పాడు. ఊరు ఊరంతా ఆ నిమిషాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతోంది.

ఆ జ్ఞాపకం ఊరికే ఏడవడానికి కాదు. కూలిపోయిన ఆసుపత్రి చోట కొత్తది కట్టారు కదా, దాని కింద రబ్బరు, సీసం కలిపిన దిమ్మలు పెట్టారు. నేల కదిలినా భవనం మీద ఆ ఊపు పడకుండా. గుర్తున్నవాడు అలా కడతాడు.

ఇప్పుడు హైదరాబాద్ రండి. 1908 సెప్టెంబరు 28. మూసీ పొంగింది. ఎగువన ఈ నది పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగిపోయాయి. ఒకటి తెగితే ఆ నీళ్లు కిందిదాని మీద పడతాయి, అది తెగితే దాని కిందిది. అఫ్జల్‌గంజ్‌లో 11 అడుగుల నీళ్లు. వంతెనలు కొట్టుకుపోయాయి, ఎప్పుడో 1578లో కట్టిన పురానాపూల్ నిలబడింది. చనిపోయినవాళ్లు దాదాపు 15 వేల మంది అంటారు. ఇప్పటి జనాభాతో కాదండీ, అప్పటి చిన్న హైదరాబాద్‌లో 15 వేలు. అంజద్ హైదరాబాదీ అని ఉర్దూ కవి, తల్లిని, భార్యను, కూతురిని కళ్ల ముందే ఆ నీళ్లలో పోగొట్టుకున్నాడు.

ఆ వరద వల్లే కదా మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇక్కడికి వచ్చింది. ఆ వరద వల్లే ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, హిమాయత్‌సాగర్ వచ్చాయి. మనం ఆదివారం గండిపేట వెళ్లి కట్ట మీద మొక్కజొన్న కంకులు తింటూ సెల్ఫీలు తీసుకుంటాం చూడండి, ఆ కట్ట 15 వేల ప్రాణాలకు జవాబుగా లేచిన కట్ట. అక్కడికి వెళ్లే పిల్లల్లో ఎంతమందికి ఇది తెలుసు?

మరి ఈ ఊళ్లో ఆ వరదకు ఏముంది? ఒక చింతచెట్టు. అంతే. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. అప్పుడది అఫ్జల్ పార్కు. ఆ చెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఏటా సెప్టెంబరు 28న కొద్దిమంది ఊరిమీద ప్రేమ ఉన్నవాళ్లు అక్కడ చేరి ఆ పోయినవాళ్లను తలచుకుంటారు, వాళ్లకు రెండు చేతులెత్తి దండం. మిగతా రోజుల్లో రోగుల బంధువులు ఆ నీడన టిఫిన్ డబ్బా విప్పుకుంటారు. తాము కూర్చున్న చోట తల మీద ఎంత ఎత్తున నీళ్లు పారాయో వాళ్లకు చెప్పేవారు లేరు.

అక్కడి నుంచి పురానీ హవేలీకి వెళ్లండి. నిజాం మ్యూజియం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా ఉంటుంది, ఒక పెద్ద హాలు పొడవునా, రెండు అంతస్తుల్లో. చూడాల్సిందే, నేనూ నోరు తెరిచి చూశాను. కానీ ఆలోచించండి. ఆ వరద వచ్చింది ఆయన ఏలుబడిలోనే. ఆయన బట్టలకు మ్యూజియం ఉంది. ఆయన ప్రజలు 15 వేల మంది పోయిన రోజుకు ఈ ఊళ్లో సొంత మ్యూజియం లేదు! నాకు మండిపోతుందండీ ఇది తలుచుకుంటే.

"అన్నా, భూకంపం నిన్నమొన్నటిది, వరద వందేళ్ల నాటిది, ఎలా పోలుస్తావ్" అంటారని తెలుసు. సరే, 2000 ఆగస్టు? 2020 అక్టోబరు? ఆ తేదీలు చెప్పగలరా? అవి పోనీ, 2025 సెప్టెంబరు 27. ఎంజీబీఎస్ బస్టాండులోకి మూసీ వచ్చేసింది. దసరాకు ఊళ్లకు బయల్దేరిన జనం ప్లాట్‌ఫారాల మీద ఇరుక్కుపోయారు, రాత్రికి రాత్రి వాళ్లను బయటికి తెచ్చారు. తేదీ చూశారా? 1908 వరదకు సరిగ్గా ఒక్క రోజు తక్కువగా 117 ఏళ్లు. అదే నది, అదే అఫ్జల్‌గంజ్ పక్కన, అదే వారం. ఆ రోజు మూసీలో పారింది 1908లో వచ్చినదాంట్లో చిన్న భాగమే. ఒక్క టీవీలోనైనా ఆ తేదీని ఈ తేదీ పక్కన పెట్టి చూపిస్తారేమోనని రాత్రంతా చానళ్లు తిప్పాను. నాకు కనబడలేదు.

మా ఫ్రెండ్ ఒకడు ఈమధ్య ప్లాటు కొన్నాడు. నన్ను కూడా తీసుకెళ్లాడు. తూర్పు ఫేసింగా, ఈశాన్యం పెరిగిందా, వీధిపోటు ఉందా, మెట్రో ఎంత దూరం, బోరులో నీళ్లు పడతాయా, అన్నీ అడిగాడు. భూమి లోపల నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో అడిగాడు గానీ, భూమి పైన నీళ్లు ఎన్ని అడుగులు వచ్చాయో అడగలేదు. నేను అడిగితే అమ్మేవాడు వింతగా చూశాడు. చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు ఎఫ్‌టీఎల్, దాని చుట్టూ వదలాల్సిన జాగా బఫర్ జోన్ అని కాగితం మీద ఎన్ని గీతలు గీసినా ఈ బుర్రలోకి ఎక్కవు. మెడదాకా నీళ్లు చూసిన ఒంటికి ఎక్కుతుంది. అందుకే మ్యూజియం అంటున్నాను.

ఎంజీబీఎస్ దగ్గరే పెట్టండి, చింతచెట్టుకు నడిచి వెళ్లేంత దూరంలో. ఒక గోడ నిండా 788 దీపాలు. మనం చెయ్యి పెట్టి వాన పెంచుతుంటే పైనుంచి ఒక్కో దీపం ఆరిపోతూ రావాలి, 221 దాకా. ఒక చెరువు పోతే మన ఇంటికేమవుతుందో పదేళ్ల పిల్లవాడికి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. తర్వాతి గదిలో 11 అడుగుల ఎత్తున ఒక గీత, చుట్టూ నీటి హోరు, చీకటి. ఇంకో గదిలో చెట్టు. కొమ్మల మీది నుంచి గొంతులు, తెలుగులో, ఉర్దూలో. చివర్లో పేర్లు, ఎన్ని దొరికితే అన్ని. నగరంలోని ప్రతి బడి పిల్లలనూ ఏడాదికోసారి తీసుకురండి. ప్లాటు రిజిస్ట్రేషన్‌కు వెళ్లేవాళ్లను కూడా తీసుకురండి, నేను సీరియస్‌గానే అంటున్నాను.

"పేదల ఇళ్లు పోతుంటే మ్యూజియం కావాలా" అని కామెంట్ పెట్టబోయేవాళ్లకు ఒక మాట. 1908లో పోయినవాళ్లలో ఎక్కువమంది ఎవరనుకుంటున్నారు? ఒడ్డున గుడిసెల్లో ఉన్నవాళ్లే కదా. రేపు పోయేదీ వాళ్లే. నది ఎంతదూరం వస్తుందో తెలిసిన జనాన్ని ఎవరూ మాయ చేయలేరు. లే అన్న చోట ఎందుకు లేవాలో అడుగుతారు, కొనమన్న చోట ఎందుకు కొనాలో అడుగుతారు.

ఒక పని చేయండి. మీ ఇంట్లోకి ఎప్పుడైనా నీళ్లొచ్చి ఉంటే, సింగ్ నగర్ అయినా, మూసానగర్ అయినా, రామంతాపూర్ అయినా, రంగు వేసేసినా సరే, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఆ గీత ఎక్కడిదాకా వచ్చిందో టేపు పెట్టి కొలవండి. ఊరి పేరు, తేదీ, ఎన్ని అడుగులు, కింద రాయండి. నేను వాటన్నిటినీ ఒక మ్యాపు మీద పెడతాను, వచ్చే వీడియోలో చూపిస్తాను. మొదటిది నేనే రాస్తున్నాను. నిన్న పిన్నికి ఫోన్ చేశాను, గడియారం మేకు గుర్తుపెట్టుకుని కొలిచింది. సింగ్ నగర్, 2024 సెప్టెంబరు, ఐదు అడుగుల రెండు అంగుళాలు.