ఫ్రీగా వచ్చిన వాయిస్ రికార్డర్, మా శ్రీకాకుళం మాట

నమస్తే అండి, శ్రీకాకుళం నుంచి. ముందే చెప్పేస్తాను, ఈ వాయిస్ రికార్డర్ కంపెనీవాళ్లు ఫ్రీగా పంపించారు. డబ్బులివ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. బ్యాటరీ, స్టోరేజీ సంగతులు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. సౌండ్ చాలా బాగుంది. ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆటో హారన్ల మధ్య చొక్కా జేబులో పెట్టుకుని మాట్లాడినా గొంతు స్పష్టంగా వచ్చింది. నా గొడవంతా ఒక్క ఫీచర్‌తోనే. మాటను తెలుగు అక్షరాల్లోకి మార్చేది.

అదెందుకు అంత ముఖ్యమో చెప్పాలి. లాక్‌డౌన్ రోజుల్లో నాకు క్రైమ్ కథల పిచ్చి పట్టుకుంది. రాత్రి రెండింటిదాకా వినేవాణ్ణి. తర్వాత చవక మైకొకటి కొని నేనే చెప్పడం మొదలుపెట్టాను. ఒక హత్య కేసు మీద చేసిన ఎపిసోడ్ బాగా వెళ్లింది. వారం తర్వాత, చనిపోయిన అమ్మాయి అన్నయ్య ఫోన్ చేశాడు. తిట్టలేదు. "వాడి పేరు పదిహేడుసార్లు చెప్పారండి. మా చెల్లి పేరు ఒక్కసారే" అన్నాడు. మళ్లీ విని లెక్కపెట్టాను. నిజమే. కేసు ఎక్కడిదాకా వచ్చిందని అడిగితే, ఎవరూ చెప్పట్లేదన్నాడు. హంతకుడు ఆ రోజు వేసుకున్న చొక్కా రంగు నాకు తెలుసు. కేసు ఏమైందో ఆ ఇంట్లోవాళ్లకి తెలీదు. ఆ రాత్రే ఎపిసోడ్ తీసేశాను.

ఆయనతో స్టేషన్‌కి వెళ్లడంతో మొదలైంది. ఇప్పుడు ఎవరు పిలిచినా వెళ్తాను. నేను లాయర్ని కాను. పక్కన కూర్చుంటాను, రాసిపెడతాను, న్యాయ సహాయానికి 15100కి ఫోన్ చేయిస్తాను. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌ (పోలీసు దర్యాప్తు, కోర్టు విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) 173వ సెక్షన్ ప్రకారం, నేరం గురించి నోటితో చెప్పినా స్టేషన్‌లో రాసుకుని, చెప్పినవాళ్లకి చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా తెలియజేయాలని 193వ సెక్షన్‌లో ఉంది. చదివి వినిపించడం దగ్గరే నేను పట్టుబడతాను. తన మాట తనదిగానే ఉందో లేదో ఆ మనిషి వినాలి.

స్టేషన్‌కెళ్లాక టెన్షన్‌లో సగం మర్చిపోతారు. అందుకే ముందు ఇంటిదగ్గర చెప్పించి రికార్డ్ చేస్తాను. పోయిన నెల ఒక పిన్ని. అరుగు మీద కూర్చుని, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "మా గుంట పొద్దున్నెల్లింది బాబూ, రానేదు" అంది. పిల్ల పొద్దున్న వెళ్లింది, ఇంకా రాలేదని. ఈ రికార్డర్ ఏం రాసిందో చూడండి: "మా గుంత పొద్దున్నే వెళ్లింది, రానే రాదు."

స్క్రీన్ ఆమెకి కనపడకుండా తిప్పేశాను. చేతులు వణికాయి. పిల్ల మర్నాడు క్షేమంగా దొరికింది కాబట్టి ఈ మాత్రమైనా చెప్పగలుగుతున్నాను.

సెట్టింగులన్నీ మార్చి చూశాను. నాలుగు రోజులు మా అమ్మ చేత, పక్కింటి మావయ్య చేత మాట్లాడించాను. "ఏమిటి" అనడానికి మావాళ్లు "ఏటి" అంటే, "ఏరు" అని రాస్తుంది. తెలీని మాటొస్తే ఖాళీ వదిలేసినా బాగుండేది. తనకి తోచింది పెట్టేస్తోంది.

పాటలకో, క్లాసు నోట్సుకో అయితే కొనుక్కోండి, సౌండ్‌కి పూర్తి మార్కులు. ఫిర్యాదులకి మాత్రం వద్దు. నా పాత రికార్డర్‌కి ఒక్క ఎర్ర బటనే ఉంది. అది విని చేత్తో రాస్తాను, రాసింది చదివి వినిపిస్తాను. కంపెనీవాళ్లు చూస్తుంటే ఒక్క మాట: గుంట అంటే మా దగ్గర పిల్ల అండి. ముందు అది సరిచేయండి, అప్పుడు మళ్లీ పంపించండి.