మోటివేషన్ వీడియో చూశాక కూడా పుస్తకం ఎందుకు తెరవం?

(దృశ్యం: ఆదివారం ఉదయం, హైదరాబాద్‌లోని ఆబిడ్స్. ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాలు.)

ఆదివారం ఆబిడ్స్‌కు ఎప్పుడైనా వెళ్తే ఒక పని చేయండి. ఫుట్‌పాత్ మీద పెట్టిన పాత పుస్తకాల్లో పోటీ పరీక్షలకు చదివే పాలిటీ పుస్తకం ఒకటి తీసి, పేజీలు గబగబా తిప్పండి. రాజ్యాంగ పీఠిక దగ్గర మూడు రంగుల హైలైటర్ కనిపిస్తుంది. ప్రాథమిక హక్కుల దగ్గరికి ఒక్క రంగే మిగులుతుంది. ఆదేశిక సూత్రాల దగ్గర పెన్సిల్ గీత. ఆ తర్వాత చివరిదాకా గీత లేదు, మడత లేదు, కొత్త పుస్తకమే.

ఆ పుస్తకం అమ్మేసిన మనిషి గురించి మన ఇళ్లలో ఒకటే మాట అంటారు: ఆరంభశూరుడు. ఆ మాటతో నాకు చిన్న పేచీ ఉంది. అది తప్పంతా మనిషి స్వభావం మీదకు నెట్టేస్తుంది. పుస్తకం సగంలో ఆగిపోవడానికి బద్ధకం కన్నా పెద్ద కారణాలు ఉన్నాయని నా అభిప్రాయం. వాటి గురించే ఈ వీడియో.

(దృశ్యం: అశోక్‌నగర్ సందు. హాస్టల్ బోర్డులు, జిరాక్స్ షాపులు, స్టడీ హాల్ గుమ్మం ముందు చెప్పులు.)

ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కు దగ్గర్లోనే అశోక్‌నగర్. ఆ పక్కనే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ. తెలంగాణలో గ్రూప్స్‌కు చదివేవాళ్లకు ఈ రెండు పేర్లూ పరిచయం చేయక్కర్లేదు. 2022 నుంచి 2024 దాకా వీళ్ల క్యాలెండర్ ఎలా ఉందో ఒకసారి చూడండి.

(తెర మీద తేదీలు ఒక్కొక్కటిగా వస్తాయి.)

2022 ఏప్రిల్‌లో, రాష్ట్రం వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్. 503 పోస్టులు. అక్టోబర్ 16న ప్రిలిమ్స్. 2023 మార్చిలో పేపర్ లీకేజీ బయటపడి ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్ని కూడా రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి, 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్ 9న ప్రిలిమ్స్. మెయిన్స్ అక్టోబర్ 21 నుంచి 27 దాకా.

అంటే మొదటి నుంచీ పట్టుదలగా ఉన్నవాళ్లు ఒకే ఉద్యోగం కోసం మూడుసార్లు ప్రిలిమ్స్ రాశారు. రెండేళ్లకు పైగా హాస్టల్ ఫీజు, స్టడీ హాల్ ఫీజు, టెస్ట్ సిరీస్ ఫీజు. ఇంటి నుంచి ఫోన్ వస్తే అమ్మ ముందు "తిన్నావా నాన్నా" అంటుంది. తర్వాత కాసేపు ఏమీ అనదు. అసలు ప్రశ్న ఆ ఏమీ అనకపోవడంలోనే ఉంటుంది.

వీళ్ల ముందు నిలబడి "కష్టపడితే ఫలితం దక్కుతుంది" అనడానికి నాకు నోరు రాదు. వాళ్లు కష్టపడ్డారు. పరీక్షే పోయింది. ఉత్సాహాన్ని ఫలితానికి ముడేస్తే, ఫలితం వాయిదా పడిన రోజున ఉత్సాహం కూడా వాయిదా పడుతుంది. ముడి వేరేచోట వేయాలి. ఎక్కడ?

(దృశ్యం: హాస్టల్ గది, రాత్రి. దుప్పట్లోంచి ఫోన్ వెలుగు.)

ముందు రాత్రి పదకొండు గంటల సంగతి చూద్దాం. పగలు అనుకున్నది చదవలేదు. టెన్షన్. ఒక మోటివేషన్ వీడియో పెట్టుకుంటాం. వెనక డప్పుల మ్యూజిక్, ఎవరో గట్టిగా అరుస్తుంటారు, రోమాలు నిక్కబొడుచుకుంటాయి. రేపు నాలుగింటికే లేవాలని అలారం పెడతాం. పొద్దున ఆ అలారం మన రూమ్మేట్ ఆపుతాడు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 2002లో బ్రిటన్‌లో మిల్నే, ఆర్బెల్, షీరన్ అనే పరిశోధకులు 248 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. వారంలో ఒక్కసారైనా 20 నిమిషాలు గట్టిగా వ్యాయామం చేయాలి. పని అంతే. వాళ్లను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు ఇంకేమీ చెప్పలేదు. రెండో గుంపుతో గుండె జబ్బుల గురించి, వ్యాయామం చేస్తే కలిగే మేలు గురించి చదివించారు. అంటే మన భాషలో మోటివేషన్. మూడో గుంపు కూడా అదే చదివింది, కానీ అదనంగా ఒక వాక్యం రాసింది: ఫలానా రోజు, ఫలానా గంటకు, ఫలానా చోట చేస్తాను అని.

(తెర మీద: 38, 35, 91.)

మొదటి గుంపులో 38 శాతం మంది చేశారు. మోటివేషన్ ఎక్కించుకున్న రెండో గుంపులో 35 శాతం. వాక్యం రాసిన మూడో గుంపులో 91 శాతం.

ఆ 35 దగ్గర కాసేపు ఆగుదాం. రెండో గుంపువాళ్లకు చేయాలన్న కోరిక నిజంగానే పెరిగింది. చేయడం మాత్రం పెరగలేదు. మన రాత్రి పదకొండు గంటల కథ అచ్చంగా ఇదే. కోరికకు, కుర్చీకి మధ్య ఒక గుంత ఉంది. ఎంత కోరిక పోసినా ఆ గుంత నిండదు.

ఒక్క వాక్యం అంత పని ఎలా చేసింది? పొద్దున ఆరింటికి మెలకువ వచ్చినప్పుడు "ఇప్పుడు ఏం చదవాలి, ఎక్కడ కూర్చోవాలి" అని ఆలోచించడం మొదలుపెడితే మనసు బేరానికి దిగుతుంది. పాలిటీ చదవనా, ఎకానమీ చదవనా? ముందు కరెంట్ అఫైర్స్ చూద్దామా? ఫోన్ తీస్తాం. అంతే, ఎనిమిదైపోతుంది. ముందు రోజే తేల్చేసి ఉంటే బేరానికి చోటే ఉండదు. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆయన చెప్పిన పద్ధతి "ఇది జరిగితే, అది చేస్తాను" అని ముందే ముడేసి పెట్టుకోవడం.

"రేపటి నుంచి ఎకానమీ సీరియస్‌గా చదువుతా" అన్నది ముడి కాదు. ముడి ఇలా ఉంటుంది: "పొద్దున ఆరున్నరకు బండి దగ్గర టీ గ్లాసు కింద పెట్టగానే, స్టడీ హాల్‌లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, బడ్జెట్ చాప్టర్ మొదటి 12 పేజీలు." కిటికీ పక్క కుర్చీ మీద ఎవరో ముందే పుస్తకం పెట్టి సీటు ఆపేస్తారు, మీకు తెలుసు. అందుకే ఇంకో ముక్క: "అది దొరక్కపోతే మెట్ల పక్క కుర్చీ."

రాయడానికి చాలా చిన్నగా, దాదాపు సిగ్గుగా అనిపిస్తుంది. కలెక్టర్ అవుదామనుకున్నవాళ్లం కుర్చీ గురించి రాసుకోవడమేంటి అని. నాకూ మొదట్లో అలాగే అనిపించింది.

(దృశ్యం: మళ్లీ ఆబిడ్స్ పుస్తకం. సగంలో ఆగిన పెన్సిల్ గీత.)

ఇక మధ్యలో ఆగిపోయే సంగతి. 1930ల్లో క్లార్క్ హల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎలుకలను గమనించాడు. ఆహారానికి దగ్గరయ్యేకొద్దీ అవి వేగంగా పరిగెత్తాయి. దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా నడిచాయి. మనమూ అంతే. పరీక్షకు పది రోజుల ముందు లైబ్రరీలో నిలబడే చోటు కూడా ఉండదు.

2006లో అచ్చయిన ఇంకో ప్రయోగం నాకు బాగా నచ్చింది. ఒక కార్ వాష్ షాపులో 300 మందికి కార్డులు ఇచ్చారు. కారు కడిగించుకున్నప్పుడల్లా ఒక ముద్ర, గడులన్నీ నిండితే ఒక వాష్ ఉచితం. సగం మంది కార్డులో 8 గడులు, అన్నీ ఖాళీ. మిగతావాళ్ల కార్డులో 10 గడులు, కానీ రెండింటి మీద ముందే ముద్ర వేసి ఇచ్చారు. ఎవరైనా ఎనిమిదిసార్లే రావాలి, తేడా ఏమీ లేదు. ఖాళీ కార్డువాళ్లలో 19 శాతం మంది చివరిదాకా వచ్చారు. రెండు ముద్రలున్నవాళ్లలో 34 శాతం.

అంటే ఎంత దూరం ఉందన్నది ఒక్కటే లెక్క కాదు, ఎంత వచ్చేశామో కంటికి కనపడాలి. సిలబస్ మొత్తం గోడకు అంటించుకుని, మిగిలినవి లెక్కపెట్టడం మొదటి నెలలో చేయాల్సిన పని కాదు. మొదటి సగంలో అయిపోయినవే లెక్కపెట్టండి. సగం దాటాక మిగిలినవి లెక్కపెట్టండి. 40 చాప్టర్ల పుస్తకాన్ని ఒక్క పుస్తకంగా చూస్తే మధ్యభాగం చాలా పొడవు. ఐదేసి చాప్టర్ల ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో మధ్య అనేది ఒకటి రెండు రోజులే. నిజంగానే పుస్తకాన్ని కోసి విడివిడిగా స్పైరల్ బైండింగ్ చేయించుకునేవాళ్లు ఉన్నారు. పుస్తకప్రియులకు గుండె తరుక్కుపోతుంది కానీ, ఆ పని వెనక తెలివి ఉంది.

ఒకరోజు తప్పిపోతే? లండన్‌లో 96 మందితో చేసిన ఒక అధ్యయనంలో, ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు, కొందరికి 254 దాకా అని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడలేదు. కాబట్టి పెళ్లికి వెళ్లొచ్చినందుకు బాధపడక్కర్లేదు.

(దృశ్యం: గోడ మీద క్యాలెండర్. ఒక తేదీ చుట్టూ ఎర్ర సున్నా.)

ఇంకొకటి చెప్పాలి. మోటివేషన్ వీడియోల్లో సాధారణంగా ఇది ఉండదు. ఎప్పుడు ఆపాలి?

2024 నోటిఫికేషన్‌లో, యూనిఫాం లేని పోస్టులకు వయోపరిమితి 46 ఏళ్లు. మంచిదే. కానీ దానర్థం, బయటి నుంచి ఎవరూ మిమ్మల్ని ఇక చాలు అనరు. ఆ తేదీ మీరే పెట్టుకోవాలి. ఫలితాలు వచ్చిన రాత్రి కాదు, మామూలు రోజున, కడుపు నిండా తిన్నాక. ఎన్ని ప్రయత్నాలు, ఎంత డబ్బు, ఏ నెల దాకా, ఈలోపు చేతిలో ఏ పని ఉంటుంది అన్నది ఇంట్లోవాళ్లతో కూర్చుని తేల్చుకోండి. అలా తేల్చుకుంటే అమ్మకు ఫోన్‌లో ఆ మౌనం అక్కర్లేదు. మీకు కూడా చదివే ప్రతిరోజూ "ఇదంతా అవసరమా" అన్న పంచాయితీ తప్పుతుంది.

(దృశ్యం: ఖాళీ కాగితం, పెన్ను.)

ఈ వీడియో కింద "రేపటి నుంచి మొదలుపెడుతున్నా అన్నా" అని కామెంట్ మాత్రం పెట్టొద్దు. గోల్‌విట్జర్ బృందం 2009లో లా విద్యార్థులతో చేసిన పరిశోధనలో, తమ సంకల్పాన్ని ఇంకొకరు గుర్తించినవాళ్లు ఆ తర్వాత ఆ పని మీద తక్కువ శ్రద్ధ పెట్టారు. నలుగురూ శభాష్ అన్నాక సగం పని అయిపోయినట్టే అనిపిస్తుంది కదా.

ఫీజు రసీదు వెనకైనా సరే, రాయండి. గంట, కుర్చీ, పుస్తకం, పేజీలు. పది సెకన్లు నేను మాట్లాడను.

(తెర నల్లబడుతుంది. పది సెకన్లు. దూరంగా ఆటో హారన్.)

రాయలేదు కదా? సరే, ఇంకో పది ఇస్తున్నా.